సగం తల

పోయిన వారం లెనోరా టీగ్‌ను మోజెల్ తన కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టి, పొయ్యి వెలిగించిన దగ్గర ఆగాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రేడియో ఉన్న ప్రతి ఇంటికీ లెనోరా గొంతు తెలుసు. ఆ గొంతు పుట్టింది అలబామాలో, ఈ పార్సన్స్ క్రీక్ ఊళ్ళోనే. ఇరవై రెండేళ్ళ తర్వాత, ఈ 1962 ఏప్రిల్‌లో, సొంత ఊళ్ళో పాడటానికి వచ్చింది. సాయంత్రం ఏడింటికి టౌన్‌హాల్లో కచేరీ. కింద మెత్తటి కుర్చీల్లో తెల్లవాళ్ళు, వెనక మెట్లెక్కి పైన చెక్కబల్లల మీద నల్లవాళ్ళు. నల్లవాళ్ళ వీధిలో బ్యూటీ పార్లర్ నడిపే మోజెల్ స్పైవీ ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు. మోజెల్ కూతురు ఆర్డెలియా, పదిహేడేళ్ళ పిల్ల, తెల్లవాళ్ళు కాఫీ తాగే బల్ల దగ్గర కూర్చుని తనకూ ఒక కప్పు అడిగినందుకు పంతొమ్మిది రోజులుగా కౌంటీ జైలు పొలంలో మట్టి తవ్వుతోంది. తనతోపాటు ఇంకో పదకొండు మంది పిల్లలు. లెనోరా పాడనని ఒక్కమాట అంటే చాలు, ఉత్తరాది పత్రికల్లో ఊరి పరువు పోతుందని హడలిపోయి మేయర్ హాస్కిన్స్ పిల్లల్ని వదిలేస్తాడని వీధంతా నమ్ముతోంది. లెనోరా మాత్రం పత్రికవాళ్ళతో వేరే మాట చెప్పింది. ఆ మాట అచ్చయిన కాగితం ఇప్పుడు మోజెల్ బట్టల మీద కట్టుకున్న పనిగౌను జేబులో ఉంది.

"చెవి పట్టుకో" అంది మోజెల్.

లెనోరా కుడి చెవిని మడిచి పట్టుకుంది. ఎన్ని వేలమంది చప్పట్లు కొట్టినా సరే, ఈ కుర్చీలో కూర్చున్న ఆడది కాలకుండా చెవి పట్టుకోవాల్సిందే. మోజెల్ ఇనుప దువ్వెనను పొయ్యి మీంచి తీసి పల్చటి కాగితానికి ఆనించి చూసింది. కాగితం మాడలేదు, వేడి సరిపోయింది. చిక్కటి ఉంగరాల జుట్టులోకి దువ్వెన పోనిచ్చి నెమ్మదిగా లాగింది. నూనె చుయ్యిమంది. ఉంగరాలన్నీ సాగి నిలువుగా, నిగనిగలాడుతూ భుజం మీద పడ్డాయి. మెడ వెనకాల అన్నిటికంటే మొండిగా ముడుచుకుపోయే చోటును ఈ వీధి ఆడవాళ్ళు వంటిల్లు అంటారు. అక్కడ మోజెల్ చెయ్యి ఎప్పుడూ ఒక క్షణం ఎక్కువే ఆగుతుంది. ఇవాళ కూడా ఆగింది.

"చెయ్యి తిరిగిందానివే" అంది లెనోరా అద్దంలో చూసుకుంటూ. "మీ అమ్మయితే ఈపాటికి రెండుసార్లు నా మెడ కాల్చేసేది."

"మా అమ్మ నిన్ను కాలిస్తే నువ్వు ఏడ్చేదానివి. ఇప్పుడు కాలిస్తే పేపర్లో వేయిస్తావు."

లెనోరా నవ్వింది. పక్కన కిటికీకి అంటించిన పోస్టర్లో ఉన్నది కూడా అదే నవ్వు. పోస్టర్లో ఆమె రంగు మూడొంతులు తేలింది, జుట్టు అలలు అలలుగా ఉంది. షికాగో నుంచి వెంట తెచ్చుకున్న తల చేసే మనిషి ఉంటే ఆ అలలు రైల్లోనే తయారయ్యేవి. ఆ పిల్ల కెంటకీ దాటి దక్షిణానికి రానని మొండికేసి, విగ్గుల పెట్టెతో సహా దిగిపోయింది. అందుకే మహారాణిగారు ఈ గుమ్మం తొక్కారు.

మూడుంబావు అయ్యేసరికి కుడి సగం పూర్తయింది. మోజెల్ దువ్వెనను పొయ్యి పక్కన పెట్టి, మంట తగ్గించి, చేతులు తుడుచుకుంది.

"ఏంటి ఆగావు? ఐదింటికి నేను హాల్లో ఉండాలి. మైకు చూసుకోవాలి."

"సగం అయింది."

"మిగతా సగం?"

"మిగతా సగం నీ నోట్లో ఉంది, నోరీ. పిల్లలు బయటికొచ్చేదాకా పాడనని ఆ ఫోన్లో మేయర్‌కి చెప్పు. చెప్పిన మరుక్షణం ఎడమవైపు మొదలెడతా."

లెనోరా అద్దంలో తనను తాను చూసుకుంది. కుడివైపు పోస్టర్లోని మనిషి. ఎడమవైపు, పొద్దున తలంటుకున్నాక చెవి దాకా ముడుచుకుపోయిన జుట్టుతో, రంపపు మిల్లు వెనకాల పుట్టిన టీగ్‌ల పిల్ల. ఆ రెండు సగాలతో ఏ సభకీ ఏ మనిషీ వెళ్ళలేదు. ఆమె ముఖం మాడిపోయింది.

"బెదిరిస్తున్నావా?"

"బేరమాడుతున్నా. నువ్వు చేస్తే దాన్ని మర్యాద అంటావు కదా?" మోజెల్ జేబులోంచి పత్రిక ముక్క తీసి విప్పింది. "ఇదిగో, నీ మాటలే చదువుతా విను. 'పాటకి రంగు లేదు. ఆ పిల్లలు ఇంటికెళ్ళి చదువుకుంటే మంచిది. మర్యాదగా మసలుకున్నంతకాలం నా ముఖాన ఎవరూ తలుపు వెయ్యలేదు.' ఎంత చల్లగా చెప్పావే! నా కూతురు చేతులకి బొబ్బలెక్కి, దగ్గుతో రొమ్ము పట్టేసి పడుంటే దాన్ని ఇంటికెళ్ళి చదువుకోమంటావా? వెళ్తుంది. గొలుసు విప్పమను."

"అక్కడ కూర్చోమని నేను చెప్పానా? నువ్వు చెప్పావా?"

మోజెల్ పత్రిక ముక్కను మళ్ళీ మడిచింది. లెనోరా పట్టు దొరికినట్టు కుర్చీలో ముందుకు జరిగింది.

"చెప్పలేదు కదూ? అది వెళ్తానంటే నువ్వు కళ్ళు మూసుకున్నావు. నలభై ఏళ్ళు వచ్చాయి, నీకు ఆ బల్ల దగ్గర కూర్చునే ధైర్యం లేదు. పదిహేడేళ్ళ దాన్ని పంపించి వెనక గదిలో టీ కాచావు. ఇప్పుడు నన్ను పట్టుకుని ఏడుస్తున్నావు. నీ కూతురు జైల్లో ఉంది మోజీ, నా పాట రికార్డయి మేయర్ ఇంటి హాల్లో ఉంది. మన ఇద్దర్లో ముందు లోపలికి వెళ్ళిందెవరు?"

ఆ మాట సూటిగా వెళ్ళి మోజెల్‌కి తగలాల్సిన చోటే తగిలింది. పంతొమ్మిది రోజులుగా తనను తాను అంటున్న మాటే అది. పరాయి నోట వినేసరికి ఒళ్ళంతా భగ్గుమంది.

"నీ పాట వెళ్ళింది. నువ్వు వెళ్ళలేదు" అంది. "ఇవాళ పొద్దున పదింటికి మేయర్ ఇంటికి పోయావుగా టీకి? ముందు గుమ్మంలోంచి వెళ్ళావా, వంటింటి గుమ్మంలోంచి వెళ్ళావా?"

లెనోరా కుర్చీలో వెనక్కి ఒరిగింది.

"ఆ ఇంట్లో వంట చేసే టెంపీ నా దగ్గరే తల చేయించుకుంటుంది. అన్నీ చెప్పింది. నిన్ను పక్కసందులోంచి రమ్మన్నారట. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి, పగుళ్ళిచ్చిన కప్పులో టీ పోశారట. మేయర్ నిలబడే మాట్లాడాడట, నువ్వు లేచి నిలబడ్డావట. నువ్వు వెళ్ళాక ఆ కప్పును చెత్తలో పారేయమన్నాడట. టెంపీ దాన్ని ఇంటికి తీసుకుపోయింది, వాళ్ళ కుక్కకి నీళ్ళు పోయడానికి. నీ ముఖాన తలుపెయ్యలేదన్నావు చూడు, నిజమే. నీకు చూపించింది పనివాళ్ళ గుమ్మం, దానికి తలుపెందుకు?"

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరిగింది. లెనోరా నోరు విప్పినప్పుడు ఆమె గొంతు రికార్డుల్లో ఉన్న గొంతులా లేదు.

"మా నాన్నని ఏం చేశారో నీకు తెలుసు. మిల్లులో తెల్లవాళ్ళతో సమానంగా కూలి అడిగాడు. ఒక్కసారి అడిగాడు. నాలుగో రోజు నదిలో దొరికాడు. ఆయన్ని ఒడ్డుకు లాగినప్పుడు నువ్వూ నేనూ అక్కడే ఉన్నాం. ఆ రోజు నేనొక సంగతి నేర్చుకున్నా. అడిగినవాడు చస్తాడు, నవ్వినవాడు బతుకుతాడు. నవ్వాను. ఈ ఊరి నుంచి బతికి బయటపడ్డాను. అది తప్పా?"

ఇక్కడ మోజెల్ ఊరుకుని ఉంటే బాగుండేది. చిన్నప్పటి స్నేహం అన్నది ఏ మూలనో కాస్తయినా మిగిలి ఉంటే ఆ క్షణంలో అది పనికొచ్చేది. ఊరుకోలేదు.

"మీ నాన్న ప్రాణం పోతే నువ్వు నేర్చుకున్నది నవ్వడమా? ఆయన్ని ముంచినవాళ్ళు ఇవాళ కింద మెత్తటి కుర్చీల్లో కూర్చుంటారు, వాళ్ళ పిల్లలు పక్కన కూర్చుంటారు. వాళ్ళ కోసం పాడు. బాగా పాడు. మీ నాన్న బరువెంతో వాళ్ళనే అడుగు, మోసినవాళ్ళకి తెలుస్తుంది."

లెనోరా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కారలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు అది, మస్కారా చెరుగుతుందని కన్నీళ్ళు కూడా ఆగిపోతాయి. ఆమె తలెత్తి మోజెల్‌ని అద్దంలోంచి కాకుండా తిన్నగా చూసింది.

"నేనేమీ చెయ్యలేదనుకుంటున్నావు కదూ? చేశాను. నీ కూతురు కోసమే చేశాను. పొద్దున మేయర్‌ని అడిగాను. మర్యాదగా. ఆర్డెలియా ఉత్తరం కూడా ఇచ్చాను."

"ఏ ఉత్తరం?"

"జైలు నుంచి నాకు రాసింది. జైల్లో పిల్లల్ని చూసొచ్చిన చర్చి పాస్టర్ గారు నిన్న రైలు స్టేషన్లో చేతికిచ్చారు. నీకు తెలీదా? కాగితం దొరక్క, చర్చిలో విసురుకోవడానికి పంచే విసనకర్ర అట్ట వెనకాల రాసింది పాపం. నాకే గుండె పట్టేసింది. ఇది చదివితే ఆయనకీ పిల్లలుంటారు కదా, కరుగుతాడనుకున్నాను. అందుకే ఇచ్చేశాను."

మోజెల్ ఒక అడుగు ముందుకేసింది. "ఏం రాసింది?"

"మంచిగానే రాసింది. 'లెనోరా ఆంటీ, మీకు మా అమ్మ తెలుసు, మేం రౌడీ పిల్లలం కాము' అని. 'మంగళవారం మంగళవారం మా అమ్మ పార్లర్ వెనక గదిలోనే కలుస్తాం, అమ్మే మాకు టీ ఇస్తుంది, తిట్టినవాణ్ణి తిరిగి తిట్టకూడదని అమ్మే నేర్పించింది' అని..."

లెనోరా మాట మధ్యలో ఆగిపోయింది. ఆ ఉత్తరంలో ఏముందో చదివిన ఇన్ని గంటల తర్వాత, తన నోటితో తాను పైకి చెబితే గానీ ఆమెకు తెలియలేదు. మేయర్ ఆ అట్టను రెండుసార్లు చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని, "చాలా సంతోషం, లెనోరా" అన్నాడు. ఆమె ఆ మాటను కరుణ అనుకుంది. తెల్లదొర ఎదుట చేతులు కట్టుకుని మర్యాదగా అడిగితే అతనిలో మనిషి మేలుకుంటాడన్న నమ్మకం ఈ ఊరి నల్లవాళ్ళలో సగం మందిని నిలబెట్టింది, సగం మందిని చంపింది.

మూడు నెలలుగా షెరీఫ్ మనుషులు, పిల్లలు కూడి ఇలాంటి నిరసనలు తలపెట్టే ఆ మీటింగుల గది కోసం ఊరంతా గాలిస్తున్నారు. చర్చిల్లో వెతికారు, శవపేటికల కొట్లో వెతికారు. ఆడవాళ్ళు తలలు చేయించుకునే చోట ఎవడు వెతుకుతాడు? అదే మోజెల్ ధీమా. ఆ ధీమా ఇప్పుడు మేయర్ కోటు జేబులో ఉంది.

మోజెల్ నడుముకున్న గౌను ముడి విప్పి నేల మీద పడేసి, ఖాళీగా ఉన్న రెండో కుర్చీలో కూలబడింది. ఇప్పుడు తననూ తీసుకుపోతారు. అప్పుడు ఆర్డెలియా కోసం బయట అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. తొంభై రోజుల శిక్ష అయ్యేసరికి ఆ దగ్గుతో పిల్ల మిగలదు.

"మోజీ, నేను కావాలని..."

"నోరు ముయ్యి."

"సాయంత్రం కచేరీ అయ్యాక ఆయన్ని మళ్ళీ అడుగుతా. ఇంకోసారి..."

"నోరు ముయ్యవే. నీ మర్యాదతో నా ఇంటికి నిప్పు పెట్టావు. ఇంకోసారి పెట్టడానికి ఏం మిగిలింది?"

గడియారం మూడున్నర కొట్టింది. లెనోరా గడియారం వైపు చూసింది. ఆ క్షణంలో కూడా గడియారం వైపే చూసిందని మోజెల్ జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. లెనోరా కుర్చీ దిగి, పట్టు జాకెట్టుకు నూనె అంటకుండా నేల మీది గౌను తీసి కట్టుకుంది. మంట పెంచింది. దువ్వెన కాల్చి, కాగితానికి ఆనించి చూసుకుని, అద్దం ముందు నిలబడి ఎడమవైపు ఒక పాయ లాగింది. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆమె ఈ పార్లర్లోనే మోజెల్ వాళ్ళమ్మ కింద పనిచేసింది. చేతులు ఏదీ మర్చిపోలేదు.

"పాడటానికే వెళ్తున్నావా?" అంది మోజెల్. అడిగినట్టు లేదు.

"పాడకపోతే నేనెవర్ని?" అంది లెనోరా.

బయట కారు ఆగింది. తలుపు తీసుకుని షెరీఫ్ మనిషి, డెప్యూటీ ఒకడు లోపలికొచ్చాడు. లేత మొహం, టోపీ తియ్యలేదు. కౌంటీలో ఏదో మారుమూల నుంచి కొత్తగా వచ్చినవాడు, ఈ వీధిలో ఏ ముఖమూ ఎరగడు. చేతిలో మడిచిన కాగితం ఉంది. కుర్చీలో కూర్చున్న ఆడమనిషిని చూశాడు. గౌను కట్టుకుని, చేతిలో వేడి దువ్వెనతో పొయ్యి పక్కన నిలబడ్డ ఆడమనిషిని చూశాడు. అతనికి అనుమానమే రాలేదు.

"మోజెల్ స్పైవీ, ఆ ఇనుము కింద పెట్టు" అన్నాడు లెనోరాతో. "నడు. షెరీఫ్ పిలుస్తున్నాడు."

లెనోరా దువ్వెన దించి, పోస్టర్లోని నవ్వు నవ్వింది. "పొరపాటు పడ్డారు సార్. నేను లెనోరా టీగ్‌ని. మేయర్ గారికి నేను బాగా తెలుసు."

డెప్యూటీ కిటికీకున్న పోస్టర్ చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. చేతిలో లాఠీ ఎత్తి, దాని కొసతో ఆమె ఎడమవైపు ముడుచుకుపోయిన జుట్టును పైకి లేపాడు, చచ్చిన పిల్లిని కర్రతో లేపి చూసినట్టు.

"ఇదా లెనోరా టీగ్? మా అమ్మ దగ్గర ఆవిడ రికార్డులన్నీ ఉన్నాయి. ఆవిడ మేయర్ గారి అతిథి పిల్లా. నీలాంటిది అబద్ధమాడినా కాస్త అతికేట్టు ఆడాలి."

"నిజం సార్. దయచేసి ఒక్కసారి మేయర్ గారికి ఫోన్..."

"నోరెత్తకు." అతను కుర్చీ వైపు తిరిగాడు. "ఏయ్, నువ్వు. నువ్వెవరో నాకక్కర్లేదు. ఇది ఎవరో చెప్పు."

మోజెల్ లెక్క తేల్చుకోవడానికి ఒక్క ఊపిరి పట్టింది. తను వెళితే తల్లీకూతుళ్ళిద్దరూ లోపల. లెనోరా వెళితే సాయంత్రం ఏడింటికి టౌన్‌హాల్లో మెత్తటి కుర్చీలు నిండుగా, స్టేజీ ఖాళీగా. షికాగో నుంచి వచ్చిన పత్రికవాళ్ళు గాయని ఏదని అడుగుతారు. మేయర్ ఊరంతా వెతికించి జైలు గది తలుపు తెరిపిస్తాడు. తెరిచిన తలుపులోంచి ఆమె ఒక్కతే బయటికి రానక్కర్లేదు, పిల్లలూ రావచ్చు. లెనోరా పాడనని చెప్పనక్కర్లేకుండానే పాడకుండా పోతుంది. ఆమె మీద ప్రేమ ఏమైనా ఉందేమోనని మోజెల్ తన లోపల వెతుక్కుంది. వెతికిన చోట ఒక విసనకర్ర అట్ట కనిపించింది.

"మోజెల్ స్పైవీ, సార్" అంది. "చిన్నప్పటి నుంచి నా తల తనే చేస్తుంది."

లెనోరా ఆమె వైపు చూసిన చూపు గురించి ఏమని చెప్పను. నది ఒడ్డున తండ్రి శవం దగ్గర కూడా ఆమె అలా చూడలేదు.

డెప్యూటీ బేడీలు తీశాడు. ఒక చేతికి వేసి, రెండో చేతికి వేయబోతూ ఏదో సరదా పుట్టినట్టు ఆగాడు.

"సరే, నీ మాటా చూద్దాం. నువ్వు లెనోరా టీగ్‌వే అయితే పాడు. ఆ గొంతు నేను చిన్నప్పటి నుంచి విన్నా. ఒక్క ముక్క చాలు, నాకు తెలిసిపోతుంది. పాడితే నిన్ను వదిలేసి దీన్ని తీసుకుపోతా, అబద్ధం చెప్పినందుకు రెండింతలు వేసి. పాడు."

అడిగినవాళ్ళందరికీ పాడిన మనిషి ఆమె. అడిగింది ఎవరని, ఎలా అడిగారని, ఏ గుమ్మంలో నిలబెట్టి అడిగారని ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి చూసుకోలేదు. ఇప్పుడు సగం తలతో, ఒక చేతికి ఇనుముతో, మోజెల్ గౌను కట్టుకుని నిలబడి ఉంది. పాట బయటికొస్తే ఆమె స్టేజీకి వెళుతుంది, మోజెల్ జైలు పొలానికి వెళుతుంది, ఆర్డెలియాకి ఇక ఎవరూ ఉండరు. ఆ సంగతి లెనోరాకి తెలుసు. ఆమెకు తెలుసని మోజెల్‌కీ తెలుసు.

లెనోరా కుర్చీలోని స్నేహితురాలి మీంచి చూపు తిప్పకుండా, గొంతు సవరించుకుని, నోరు తెరిచింది.